పిడకల మీద గుణింతం

షాలిబండలో పాలమ్మే సత్తెమ్మ నోటికి జడవని మనిషి లేడు. సందు మొదట్లో ఆమె దగ్గు వినబడితే చాలు, కట్టుకొయ్య దగ్గర బర్రెలు సైతం కాళ్లు సర్దుకుని నిలబడేవి. కొడుకు పెంటయ్య తలలో తెల్లవెంట్రుకలు వచ్చినా తల్లి ఎదుట బీడీ ముట్టించేవాడు కాదు. కోడలు రుక్మాబాయి అత్త చెప్పందే చింతపండు జాడీ మూత తీసేది కాదు. కొట్టుగది తాళంచెవి సత్తెమ్మ నడుముకే వేలాడేది.

ఆ ఇంట్లో ఆమెకు ఎదురు మాట్లాడేది మనుమరాలు ఒక్కతే. ఆండాలుకు పదేళ్లు. రెండేళ్లప్పుడు అమ్మవారు పోసి కళ్లు పోయాయి. అప్పటినుంచి ఆ పిల్ల చోటు పొయ్యి పక్క మూల. "లేస్తె తాకుతది, నడిస్తె పడ్తవ్, కూసో బిడ్డా," అనేది సత్తెమ్మ. ప్రేమతోనే అనేది. ఆ ప్రేమకు పిల్ల కాళ్లు తిమ్మిరెక్కేవి.

ఆండాలును ఆ మూలలోంచి లేపింది వైకుంఠం సేటు. నయాపూల్ దగ్గర బట్టల దుకాణం ఆయనది. ఎన్ని తీర్థాలు తిరిగినా పుణ్యం ఇంకా కొంత తక్కువ పడిందన్న అనుమానంతో, దుకాణం మేడ మీద చూపులేని పిల్లలకు బడి పెట్టించాడు. మైసూరు వెళ్లి చుక్కల చదువు నేర్చుకొచ్చిన విశ్వేశ్వర్ అనే యువకుణ్ణి పంతులుగా కుదిర్చాడు. మెట్లెక్కితే ఆయాసం కాబట్టి ఒక్కనాడూ పైకి పోయి బడి చూసింది లేదు. పాలు పోయడానికి వచ్చిన పెంటయ్యతో మాత్రం, "నీ బిడ్డను తోలు పెంటయ్యా. పిల్లలు తక్కువైతే నాకు పుణ్యం తక్కువొస్తది," అన్నాడు. పెంటయ్య కాదనలేకపోయాడు.

"కండ్లు లేని పిల్లకు సదువేందిరా? బోడితలకు దువ్వెన కొన్నట్టు!" అని సత్తెమ్మ ఇల్లెగిరేలా లొల్లి చేసింది. ఆండాలు మొదటిరోజు తెచ్చిన దళసరి కాగితాన్ని తడిమి, చెయ్యి వెనక్కి తీసుకుంది. "గిదేంది? కాయితానికి గూడ అమ్మవారు వోసిందా?"

"అవి అక్షరాలవ్వా. ఒక్కో అక్షరానికి ఆరు చుక్కల జాగా ఉంటది. ఏ చుక్కలు ఉబ్బినయో ఏలు వెడితె ఎరుకైతది."

"నాకెందుకే గవన్ని? అవతల వెట్టు."

చలికాలం మొదలయ్యేసరికి పట్నంలో ఎలుకలు రాలసాగాయి. సేటు దుకాణంలోనే చీరల కట్టల వెనక ఒకటి చచ్చిపడింది. ప్లేగు! సర్కారు జవాన్లు గల్లీ గల్లీ తిరిగి ఇళ్లు ఖాళీ చేయించారు. ఆ ముప్ఫైల కాలంలో ప్లేగు వచ్చిందంటే జనం తాళాలు వేసుకుని ఊరి బయట గుడిసెల్లో తలదాచుకోవడమే. బడి మూతపడింది. సేటు మలక్‌పేటలో చుట్టాల తోటలో దిగాడు. పెంటయ్య బర్రెలను తోలుకుపోయి కిషన్‌బాగ్ పొలాల్లో తడకల గుడిసె వేశాడు. పక్క గుడిసె బాలనర్సింహది. అతనిదీ పాల వ్యాపారమే.

గుడిసెలో దిగిన మర్నాటి నుంచి సత్తెమ్మ తీరు వింతగా మారింది.

పొద్దున్నే లేచి బయటికి పోయి, తిరిగి వస్తూ బాలనర్సింహ గుడిసెలో దూరింది. ముసుగుతన్ని పడుకున్న అతని దుప్పటి గుంజి, "లేరా, లే! బర్రెలు మొత్తుకుంటున్నయి, నీకు సోయి లేదారా?" అని వీపు మీద ఒకటి చరిచింది.

బాలనర్సింహ బెదిరి లేచి కూచున్నాడు. "పెద్దమ్మా, నేను! పెంటయ్యను గాదు!"

సత్తెమ్మ ఒక్క క్షణం ఆగింది. అంతే. "ఎరుకనే! పెంటయ్యను లేపెటందుకు నేనున్న. నిన్ను లేపెటందుకు ఎవరున్నరు? మంచికి వోతె గిట్లనే ఉంటది," అని దుప్పటి అతని మొహాన కొట్టి బయటికి నడిచింది.

ఆ సాయంత్రం అతని బర్రె కిందే కూచుని చెంబు నింపుకుంది. "అది నా బర్రె పెద్దమ్మా!" అంటూ బాలనర్సింహ ఉరికి వచ్చాడు.

"నాకు తెల్వదా? పొదుగు బరువై పాపం గోసవడుతుంటె నువ్వు ముచ్చట్లు వెట్టుకున్నవ్. జాలిపడి పిండిన." అంత దయకు దండం పెట్టి అతను ఆ చెంబు ఆమెకే వదిలేశాడు.

మరో రోజు తడక మీద ఆరేసిన పెంటయ్య అంగీని నిలదీసింది. "దాణా తెమ్మంటె తెచ్చినవారా? ఉలకవు పలకవు, నోట్ల బెల్లం ఉన్నదా?" రుక్మాబాయి అది చూసింది. అత్త లోపలికి పోయాక అంగీ తీసి వేరే చోట ఆరేసింది.

అందరూ ముసలామెకు చాదస్తం ఎక్కువైందనుకున్నారు. ఆండాలు మాత్రం చెవులు నిక్కించి వింటూ ఉంది. అవ్వ అడుగు ఎత్తి వేయడం లేదు, నేల మీద ఈడుస్తోంది. లోపలికి వచ్చినప్పుడల్లా ఆమె గాజులు తడకకు రాసుకుంటూ గలగలమంటున్నాయి. ఆ నడక ఆండాలుకు బాగా తెలుసు. అది తన నడకే.

అలాంటి రోజుల్లో విశ్వేశ్వర్ సైకిల్ మీద వచ్చాడు. బడి మూతపడ్డాక అతనికి నిద్రపట్టలేదు. నాలుగు దిక్కులకూ చెదిరిన పిల్లలను వెతుక్కుంటూ, తాను పొడిచి పెట్టిన పాఠాల కాగితాలు పంచుతూ తిరుగుతున్నాడు. గుడిసెల దారిలో కాపలా ఉన్న జవాను ఆపాడు. ముందు ప్లేగు సూది గుర్తు చూపించమన్నాడు. చూపించాక సంచీ తెరిపించాడు.

"యే క్యా హై?"

"చదువు. పిల్లల పాఠాలు భాయ్."

"బాహర్ కా సామాన్ అందర్ నహీఁ జాతా. ఫినాయిల్ మే డాలో!" అని, బయటి సామాను లోపలికి పోదంటూ, జవాను పాఠాలన్నీ ఫినాయిల్ బకెట్లో ముంచి, శుభ్రంగా పిండి మరీ ఇచ్చాడు.

ఆండాలు ఆ తడి కాగితాల మీద వేళ్లు పెట్టింది. ఈ చివరి నుంచి ఆ చివరికి పోయింది. "సార్, అన్ని సాపైనయి. ఒక్క చుక్క గూడ లేదు. ఉత్త వాసనే ఉన్నది."

విశ్వేశ్వర్ గుడిసె ముందు కూలబడ్డాడు. రాత్రుళ్లు కూచుని ఒక్కో చుక్కా పొడిచిన కాగితాలవి. పక్కన రుక్మాబాయి పేడ తట్ట ముందేసుకుని పిడకలు చరుస్తోంది. పంతులు మొహం చూసి ఇంకా గట్టిగా చరిచింది.

ఆండాలు తాను ఆడుకునే చింతగింజల మూట విప్పి, పచ్చి పిడక ఒకటి ముందుకు లాక్కుని, గింజలు గుచ్చింది. "సార్, గిది ముట్టుండ్రి."

విశ్వేశ్వర్ తెల్ల ధోవతి వెనక్కి దోపుకుని ఒక వేలు, ఒకే ఒక్క వేలు, భయంభయంగా ఆనించాడు. మొహం వెలిగింది. "అ! ఇది 'అ'! తర్వాతది రాయి!" ఈసారి రెండు చేతులూ పెట్టాడు.

జవాను వచ్చి నిలబడి చూశాడు. ఫినాయిల్ బకెట్ వంక ఒకసారి, పేడ వంక ఒకసారి చూశాడు. పేడను ఫినాయిల్‌లో ముంచమని అతనికి హుకుం లేదు. తల గోక్కుంటూ వెళ్లిపోయాడు.

అలా గుడిసె గోడ మీద బడి సాగింది. విశ్వేశ్వర్ వారంలో రెండు మూడుసార్లు వచ్చి పాఠం చెప్పేవాడు, ఆండాలు రాసి తడకకు కొట్టేది. ఒక్కటే చిక్కు. ఎండిన పిడక పొయ్యిలోకి పోక తప్పదు కదా! ఒకనాడు అతను వచ్చేసరికి 'ట' నుంచి 'న' దాకా మాయం.

"పప్పు ఉడుకలేదు సార్, గందుకే నాలుగెక్కువ వెట్టిన," అంది రుక్మాబాయి నొచ్చుకుంటూ.

"పొయ్యిల గింజలు పటపట పేలినయి సార్," అంది ఆండాలు. "'ఠ' అయితె అమ్మ మొకం మీదికే వచ్చింది." కాలిన అక్షరాలను మళ్లీ రాసింది. అవీ కాలాయి. మళ్లీ రాసింది. ఆ పిల్లకు వచ్చినంత గట్టిగా గుణింతం ఆ ఏడు పట్నంలో ఏ పిల్లకూ వచ్చి ఉండదు.

పాఠం జరిగినంత సేపూ సత్తెమ్మ కాపలాకని పక్కనే కూచునేది. "పరాయి మొగోడు, మల్ల పంతులు. ఎట్ల నమ్ముత?" అనేది. ఒకరోజు పంతులు వెళ్లాక ఆండాలు చెయ్యి ముందుకు చాచింది.

"అవ్వా, నా గౌను ఏం రంగున్నది?"

"ఎర్రగ మస్తున్నది."

ఆండాలు నాలుక కరుచుకుంది. ఎరుపో పచ్చో తనకు మాత్రం ఎలా తెలుస్తుంది? ఆలోచించి వేరే ప్రశ్న వేసింది. "మరి నా చేతిల పువ్వున్నది గద. మంచిగున్నదా?"

"శాన మంచిగున్నది బిడ్డా. కొప్పుల వెట్టుకో."

"నా చేతిల ఏం లేదవ్వా."

సత్తెమ్మ మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోవడం ఆండాలు పుట్టి అదే మొదలు. తర్వాత చెవి దగ్గరికి వచ్చి, బుసకొట్టినట్టు, "ఎవ్వలికన్న చెప్తివా, నాలిక కోస్త," అంది. "షాలిబండల ఏ గిన్నె ఏడున్నదో నా చేతికెరుక. ఎవ్వలికి తెల్వకుంట నడిపిన. ఈ గుడిసెల పాడుగాను ఏది ఏడున్నదో! తెలిస్తె వీళ్లు తాళంచెయ్యి గుంజుకొని నన్ను మూలకు కూసుండవెడ్తరే."

"నన్ను నువ్వు కూసుండవెట్టినట్టా?"

ముసలామె మనుమరాలి తల మీద చెయ్యి వేయబోయి, ముందు గాలిలో వెతికి, తర్వాత తలను అందుకుంది.

ఆ రోజు నుంచి, పెంటయ్య పాలు పోయడానికి పోయిన వేళల్లో, పాఠాలు తిరగబడ్డాయి. ఆండాలు గురువు, సత్తెమ్మ శిష్యురాలు. గుడిసె గుంజ నుంచి బర్రెల దాకా తాడు కట్టి దాన్ని పట్టుకు నడవడం నేర్పింది పిల్ల. "కాలు గుంజకు అవ్వా, ఎత్తి వెయ్యి. ఊకె తిట్టకు, తిడుతుంటె ఎదురుంగ ఎవలున్నరో ఇనవడది." ఆ తర్వాత పిడకల దగ్గర కూచోబెట్టి వేళ్లు పట్టుకుని చుక్కలు చూపించింది. సత్తెమ్మ వేళ్లు పాలు పితికి పితికి కాయలు కాసినవి. చుక్క తగలక ముందే తిట్టు వచ్చేది. అయినా వదల్లేదు. 'మ' దగ్గర పోరాడి, 'త' దగ్గర అలిగి, ఒత్తుల దగ్గర పంతులు వంశాన్నంతా తిట్టి, మళ్లీ వేలు పెట్టేది.

ఎండలు ముదిరేసరికి ప్లేగు తగ్గుముఖం పట్టింది. సేటు జట్కా కట్టించుకుని విశ్వేశ్వర్‌ను వెంటబెట్టుకుని కిషన్‌బాగ్ వచ్చాడు. బడి మళ్లీ తెరవాలా వద్దా తేల్చుకోవడం ఆయన పని. జట్కా చూసి చుట్టుపక్కల గుడిసెల జనం మూగారు. సేటు తడక నిండా పిడకలు చూసి నోరు తెరిచాడు.

"పంతులూ, గిది బడా, పేడకుప్పా?"

ఆండాలు గోడ మీది పాఠం గడగడా చదివింది. సేటు తల అడ్డంగా ఊపాడు. "కంఠస్తం వెట్టింది. చిలుక గూడ చెప్తది."

"మీరే ఏదన్నా చెప్పండి సేటుగారూ. ఆమె రాస్తుంది, నేను చదువుతాను," అన్నాడు విశ్వేశ్వర్.

"నువ్వు నేర్పినోనివి. మీరిద్దరు ఒకటే. వేరే ఎవలన్న ఏళ్లతోటి చదివితె ఒప్పుకుంట. లేకుంటె ఆ గది గోదాం చేస్త. ఈ గడ్డు రోజులల్ల నాకు వేరే తీరు పుణ్యం దొరకకపోదు."

పెంటయ్య తల దించుకున్నాడు. ఆండాలు చేతిలో గింజలు జారిపోయాయి. అప్పుడు గుడిసె గుమ్మంలోంచి గొంతు లేచింది.

"నేను చదువుత."

అందరూ తిరిగి చూశారు. పెంటయ్య ముందు నవ్వి, అది తల్లి అని గుర్తొచ్చి ఆపుకున్నాడు. సేటు మాత్రం నవ్వాడు. "నువ్వు చదివితె ఏం లాభం సత్తెమ్మా? కండ్లున్నదానివి. గింజలు చూసి చెప్తవు."

సత్తెమ్మ చెయ్యి నడుముకున్న తాళంచెవి మీదికి పోయింది. దాన్ని గట్టిగా పట్టుకుని, "నాకు కండ్లు లెవ్వు సేటూ. రెండేండ్లాయె," అంది.

ఎవరూ నమ్మలేదు.

"దసరాకు మీ ఇంటికొస్తె నా ధోతి మీద మరకున్నదని తిట్టలేదా నువ్వు?" అన్నాడు సేటు.

"నీ ధోతి మీద మరక లేనిదెన్నడు? దానికి చూసుడెందుకు?"

బాలనర్సింహ అప్పటికే గుంపులో ముందుకు వచ్చి నిలబడ్డాడు. అతని మొహం మెల్లమెల్లగా విచ్చుకుంది. "నిజమే సేటూ! నా దుప్పటి గుంజింది. నా బర్రెను పిండింది. పెంటన్న అంగీతోటి కొట్లాడింది. నేను పెద్దమ్మకు నా మీద పగ వట్టిందనుకున్న!"

"అమ్మా!" అన్నాడు పెంటయ్య. ముక్కు ఎగబీల్చాడు.

"ఏడువకురా, తర్వాత ఏడుద్దువు గాని. ముందుగాల పని కానీ. సేటూ, ఏం రాయాల్నో పిల్ల చెవుల చెప్పు. నేను బర్రెల దిక్కు వోత."

ఆమె తాడు పట్టుకుని బర్రెల మధ్యకు వెళ్లింది. సేటు వంగి ఆండాలు చెవిలో ఏదో చెప్పాడు. ఆండాలు ఉలిక్కిపడింది. "గది రాయాల్నా సేటూ?"

"గదే రాయి," అని సేటు తనలో తాను నవ్వుకున్నాడు.

మూడు పచ్చి పిడకలు చెక్కపలక మీద పేర్చారు. సత్తెమ్మ వచ్చి కూచుంది. తల పైకెత్తి, వేళ్లు కిందికి దించి, మొదటి పిడక మీద నడిపించింది.

"స... త్తె... మ్మ." ఆగింది. మళ్లీ మొదటి నుంచి తడిమింది. "సత్తెమ్మ! గిది నా పేరే! ఒరేయ్ పెంటయ్యా, నా పేరు గిట్లుంటదిరా! గింత పొడుగుంటదిరా!" ఆ పిడకను ఆ చివర నుంచి ఈ చివరకు మూడుసార్లు నిమిరింది. విశ్వేశ్వర్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

రెండో పిడక. "పా... ల... ల్ల. పాలల్ల." మూడో పిడక మీద వేలు నెమ్మదించింది. "నీ... ళ్లు."

ఆమె పెదవులు ఒకసారి మూడు మాటలనూ కలిపి చూసుకున్నాయి. తర్వాత లేచి నిలబడింది.

"సత్తెమ్మ పాలల్ల నీళ్లా? ఎవడ్రా గా మాట అన్నది? నా పాలు తాగి పెంచుకున్న బొర్ర గాదా నీది? మీ తాత అడిగిండా గీ మాట, మీ అయ్య అడిగిండా?"

సేటు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. ఆ నవ్వు ఎక్కడి నుంచి వస్తుందో సత్తెమ్మకు తెలియడానికి కళ్లు అక్కర్లేదు. మూడో పిడక గాలిలో లేచి సరిగ్గా ఆయన ధోవతి మీద పడింది.

"ఇగ చూసుకో మరక!"

జనం గొల్లుమన్నారు. సేటు ధోవతి దులుపుకుంటూ విశ్వేశ్వర్ వైపు తిరిగాడు. "పంతులూ, గిది కంఠస్తం వెట్టిన కోపం గాదు. చదివితెనే గింత కోపం వస్తది. బడి తెరువు." జట్కా ఎక్కబోతూ మళ్లీ వెనక్కి వచ్చి, కొంచెం గొంతు తగ్గించి, "నీళ్లు మాత్రం కలుపుతది," అన్నాడు. సత్తెమ్మ మరో పిడక అందుకునేలోపు ఎక్కి కూచున్నాడు.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర అత్తాకోడళ్లు ఇద్దరే మిగిలారు. సత్తెమ్మ నడుము నుంచి తాళంచెవి విప్పి ముందు పెట్టింది. రుక్మాబాయి దాన్ని తిరిగి అత్త వైపు జరిపింది.

"నాకు ఎప్పటిసందో ఎరుకే అత్తా. షాలిబండల ఒక్క గిన్నెనన్న నేను జరిపిన్నా? జాడీ గూడ మీరు చెప్పందే ముట్టలే. ఉన్న జాగల లేకుంటె మీరు పరేషాన్ అయితరని."

తనకు భయపడి కోడలు ఒద్దికగా ఉందనుకుని మురిసిన రోజులన్నీ సత్తెమ్మకు గుర్తొచ్చి ఉంటాయి. చివరికి, "ఎరికుండి రెండేండ్లు నోరు మూసుకున్నవా? నా కోడలివే గాదు నువ్వు!" అని తిట్టింది. తిట్టి, కోడలి చెయ్యి దొరకబుచ్చుకుని చాలాసేపు వదల్లేదు.

బడి తెరిచిన రోజు నయాపూల్ దుకాణం మేడ మెట్లు ఆండాలు ముందు, సత్తెమ్మ వెనక ఎక్కారు. పిల్లలందరూ రాలేదు. అంజన్ అనే పిల్లవాడు, పాటలు బాగా పాడేవాడు, తల్లితో సహా ప్లేగులో పోయాడు. విశ్వేశ్వర్ పేర్లు పిలుస్తూ ఆ పేరు దగ్గర ఆగిపోయాడు. ఏం జరిగిందో పిల్లలకు అర్థమైంది. ఆ పూట పాఠం చెప్పలేదు. సత్తెమ్మ పక్కనున్న పిల్లను, ఎవరి బిడ్డో కూడా అడగకుండా, ఒళ్లోకి లాక్కుంది.

తర్వాత కొన్నాళ్లకే ఆమె పంతులు మీద పడింది. "అక్షరాలు నేర్పినవు, బాగనే ఉన్నది. మరి చదువనీకె ఏమున్నది?"

ఏమీ లేదు. తెలుగులో చుక్కల పుస్తకం కావాలంటే ఒక్కొక్క పేజీ విశ్వేశ్వరే పొడవాలి. వాచకం ఒకటి సగం దాకా పొడిచాడు. "పిల్లి వచ్చెను, ఎలుక పోయెను. గింతేనా? గీ ముక్క కోసమా నేను వొత్తులతోటి కుస్తీ వట్టింది?" అని సత్తెమ్మ దాన్ని పక్కకు తోసింది. "ఆండాలూ, చుక్కల పలక తీస్కో. నేను చెప్త, నువ్వు పొడువు."

బర్రెను ఎత్తుకుపోయిన దొంగల కథ, అత్తను బావిలో తోయబోయి తానే పడ్డ కోడలి కథ, సేటు ధోవతి కథ. ఆమె చెబుతూ పోయింది, ఆండాలు పొడుస్తూ పోయింది. వేళ్లతో చదివి చూసిన విశ్వేశ్వర్ చెవులు ఎర్రబడ్డాయి.

"అవ్వా, కథలు బాగున్నాయి. పిల్లల పుస్తకం కదా, తిట్లు తీసేద్దాం."

"తిట్లు తీస్తె ఇగ నా కథల ఏముంటది పంతులూ?"

రెండు రోజులు వాదించుకుని, ముద్దుగా ఉన్న తిట్లు ఉంచి తక్కినవి తీసేయడానికి ఒప్పుకున్నారు. ఏవి ముద్దుగా ఉన్నాయో తేల్చే పని ఆండాలుకు అప్పగించారు. ఆ పిల్ల ఒక్కటీ తీయలేదు.

ఆ ఏడు నయాపూల్ బడిలో పిల్లలంతా చదవడం తొందరగా నేర్చుకున్నారు. మధ్యాహ్నాలు మేడ మీంచి నవ్వులు వినబడి కింద బేరాలు ఆగేవి. ఒకరోజు సేటు ఉండబట్టలేక ఆయాసపడుతూ మెట్లన్నీ ఎక్కి పైకి వచ్చాడు. వచ్చి, చివరి వరసలో చాప మీద కూలబడి, "ఏందో నాకు గూడ చదివి ఇనిపియ్యుండ్రి," అన్నాడు.

ఆండాలు పేజీ తిప్పి, వేలు పెట్టి, సేటు ధోవతి కథ మొదలుపెట్టింది.